కణజాలాన్ని చదవడం ఎలా: నమూనా సేకరణ నుంచి స్లయిడ్ దాకా

మనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం ఎర్ర రక్తకణాలే. ఇన్ని ఉన్నా, ఒక ముక్క కోసి నేరుగా మైక్రోస్కోప్ కింద పెడితే చెప్పుకోదగినదేమీ కనిపించదు. దానికి మూడు అడ్డంకులున్నాయి. శరీరం నుంచి వేరైన నిమిషాల్లోనే కణాలు తమను తామే జీర్ణం చేసుకోవడం మొదలుపెడతాయి. ముక్క మందంగా ఉంటుంది కాబట్టి కాంతి దాని గుండా పోదు. పలచగా కోసినా కణాలకు చెప్పుకోదగ్గ రంగు ఉండదు, ఏది ఎక్కడ ముగుస్తుందో తెలియదు.

ప్రయోగశాలలో చేసే ప్రతి పనీ ఈ మూడింటిలో ఏదో ఒకదానికి జవాబు. కుళ్లకుండా స్థిరపరుస్తారు, పలచగా కోస్తారు, రంగు వేస్తారు. అయితే ప్రతి అడుగులోనూ కణజాలం నుంచి ఏదో ఒకటి పోతుంది, లేదా మారుతుంది. స్లయిడ్ మీద కనిపించేది బతికున్న కణం కాదు, ఇన్ని అడుగులు దాటి మిగిలిన రూపం. ఏ అడుగులో ఏం పోయిందో తెలిసినవాళ్లే మిగిలినదాన్ని సరిగ్గా చదవగలరు. అందుకే స్లయిడ్లు చూడటం మాత్రమే నేర్చుకుంటే చాలదని, అవి తయారయ్యే తీరు కూడా తెలియాలని నా గట్టి నమ్మకం.

ముందు ప్రశ్న తేల్చుకోండి

నమూనా చేతికి రాకముందే దాని నుంచి ఏం తెలుసుకోవాలో నిర్ణయించుకోవాలి. కొవ్వును చూడాలంటే మామూలు మైనపు పద్ధతి పనికిరాదు, గడ్డకట్టించి కోయాలి. కణం లోపలి అతి సూక్ష్మ నిర్మాణం కావాలంటే మామూలుగా కణజాలాన్ని స్థిరపరిచే ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) కంటే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం మేలు. కణాలను పెంచాలన్నా, ఫ్లో సైటోమెట్రీతో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపే పద్ధతి) లెక్కించాలన్నా అవి బతికి ఉండాలి. ముక్క ఒకసారి ఫార్మలిన్‌లో పడిందంటే వీటిలో చాలా దారులు మూసుకుపోతాయి. సందేహం ఉంటే నమూనాను రెండు మూడు భాగాలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో పద్ధతికి పంపడం మంచిది.

బుగ్గ కణాలతో మొదలుపెట్టండి

కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు. నోరు నీళ్లతో పుక్కిలించండి. మెత్తని దూది పుల్లతో బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా రుద్దండి. శుభ్రమైన స్లయిడ్ మీద 0.9 శాతం ఉప్పు ద్రావణం ఒక చుక్క వేసి, అందులో ఆ పుల్లను తిప్పండి. తర్వాత మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. కవర్ గ్లాసును ఒక అంచు ముందు ఆనించి, ఏటవాలుగా మెల్లగా దించండి. అలా చేస్తే గాలి బుడగలు చిక్కుకోవు. పక్కలకు కారిన రంగును కాగితంతో అద్దేయండి. మీ బుగ్గ నుంచి తీసినవే వాడండి, ఇంకొకరివి వద్దు. పని అయ్యాక పుల్లను, స్లయిడ్‌ను బ్లీచింగ్ ద్రావణంలో ముంచి పారేయండి.

ముందు తక్కువ శక్తి లెన్స్‌తో వెతకండి. పలచగా, అంచులు అక్కడక్కడా మడతపడి, మధ్యలో ముదురు నీలం కేంద్రకంతో కణాలు కనిపిస్తాయి. ఒక్కోటి సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు ఉంటుంది. వాటి మీద చిన్న చిన్న చుక్కల్లా ఉండేవి నోటిలోని బ్యాక్టీరియా. చాలామంది వాటిని కణ భాగాలనుకుంటారు.

ఇలా రాలిన కణాలను చూసి జబ్బును పట్టే విద్యకు సైటాలజీ అని పేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా గుర్తించే పాప్ పరీక్షను జార్జ్ పాపనికొలౌ ఈ పద్ధతి మీదే నిర్మించాడు. కానీ విడి కణాన్ని చూస్తే దాని పక్కన ఏముందో, అది ఎన్నో పొరలో ఉండేదో తెలియదు. అది తెలియాలంటే కణజాలం ముక్కే కావాలి.

స్థిరపరచడం: తప్పు జరిగితే దిద్దుకోలేని అడుగు

బయాప్సీ సూదితో వచ్చినా, శస్త్రచికిత్సలో తీసినా ముక్కను పట్టకారుతో గట్టిగా నొక్కకూడదు. నలిగిన కణాల కేంద్రకాలు సాగిపోయి నల్లటి గీతల్లా కనిపిస్తాయి, ఆ భాగం ఇక చదవడానికి పనికిరాదు. ముక్కను ఆరనివ్వకుండా వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి. డబ్బా మూత మీద కాదు, డబ్బా మీదే పేరు, తేదీ, ఎక్కడి నుంచి తీశారో రాయాలి. మూతలు మారిపోతాయి.

ఆలస్యమైతే ఏమవుతుంది? కణాల్లోని ఎంజైములు బయటికొచ్చి కణాలనే కరిగిస్తాయి. జీర్ణ ఎంజైములు తయారుచేసే క్లోమం, పేగు లోపలి పొర అన్నిటికంటే ముందు పాడవుతాయి. చర్మం, కొల్లాజెన్ అనే గట్టి పోగుల ప్రోటీన్ నిండిన భాగాలు కాస్త ఓర్చుకుంటాయి.

ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్ల మధ్య వంతెనలు కట్టి వాటిని ఉన్నచోటే బిగిస్తుంది. దీన్ని స్థిరీకరణకు వాడవచ్చని 1893లో జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ బ్లూమ్ ప్రకటించాడు. క్రిమిసంహారకంగా పరీక్షిస్తుండగా తన వేళ్ల చర్మం గట్టిపడటం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. పేరులో 10 ఉన్నా అందులోని ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతమే, ఎందుకంటే బజారులో దొరికే గాఢ ఫార్మలిన్‌లోనే అది 37 నుంచి 40 శాతం ఉంటుంది. బఫర్ (ఆమ్లత్వం మారకుండా చూసే లవణాలు) లేకపోతే ద్రావణం ఆమ్లంగా మారి, రక్తం ఎక్కువున్న చోట గోధుమ నలుపు పొడిలా ఒక మరక వదులుతుంది. దాన్ని జబ్బు గుర్తు అనుకునే ప్రమాదం ఉంది.

రెండు లెక్కలు గుర్తుపెట్టుకోండి. ముక్క పరిమాణానికి కనీసం 10 నుంచి 20 రెట్లు ద్రావణం ఉండాలి. ఫార్మలిన్ లోపలికి చాలా నెమ్మదిగా దిగుతుంది, గంటకు 1 మి.మీ. కూడా దిగకపోవచ్చు. అందుకే పెద్ద అవయవాన్ని అలాగే ముంచేస్తే అంచులు స్థిరపడి నడుమ భాగం కుళ్లుతుంది. దాన్ని చీల్చి ద్రావణం లోపలికి చేరనివ్వాలి. చిన్న ముక్కల మందం 3 నుంచి 4 మి.మీ. మించకూడదు. మామూలు ముక్కకు 24 గంటలు ఇవ్వడం మంచి అలవాటు. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ గ్రాహకాల పరీక్షకు 6 నుంచి 72 గంటల మధ్య అని మార్గదర్శకాలే ఉన్నాయి, ఎందుకంటే తక్కువైనా మరీ ఎక్కువైనా ఫలితం తారుమారై రోగికి ఇవ్వాల్సిన మందే మారిపోవచ్చు.

ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. ఆవిర్లు లాగే హుడ్ కింద, గ్లవ్స్‌తో తప్ప దాన్ని తాకకండి.

నీటి బదులు మైనం

పలచగా కోయాలంటే ముక్కకు గట్టి ఆధారం కావాలి. ఆ ఆధారం పారఫిన్ మైనం. నీరు, మైనం కలవవు కాబట్టి మెట్లు మెట్లుగా వెళ్లాలి. 70 శాతం ఆల్కహాల్ నుంచి మొదలుపెట్టి 95, చివరికి 100 శాతం దాకా మారుస్తూ నీటిని తీసేస్తారు. తర్వాత జైలీన్ అనే ద్రావణి ఆల్కహాల్‌ను తీసేస్తుంది. చివరగా దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన మైనం ఖాళీల్లోకి చేరుతుంది. ఈ పని ఇప్పుడు చాలాచోట్ల రాత్రంతా యంత్రమే చేస్తుంది.

ఇక్కడ పోయేది కొవ్వు. ఆల్కహాల్, జైలీన్ దాన్ని కరిగించేస్తాయి. కొవ్వు కణాలు స్లయిడ్ మీద ఖాళీ గదుల్లా తెల్లగా కనిపించడానికి కారణం ఇదే. ముక్క కూడా కొంత కుంచించుకుపోతుంది, కాబట్టి కణాల చుట్టూ కనిపించే సన్నని తెల్లని సందులన్నీ నిజమైనవి కావు. ఎముకైతే ముందు ఆమ్లంతోగానీ కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనంతోగానీ కాల్షియం తీసేయాలి. ఆమ్లం త్వరగా పని చేస్తుంది, ఈడీటీఏకు రోజులు, వారాలు పడుతుంది. కానీ కణాల వివరాలు ఈడీటీఏతోనే బాగా మిగులుతాయి.

మైనపు దిమ్మ పోసేటప్పుడు ముక్కను ఎటు తిప్పి పెట్టారన్నది చాలా ముఖ్యం. చర్మాన్ని అంచు మీద నిలబెట్టాలి. అప్పుడే పై పొర నుంచి కింది కొవ్వు దాకా అన్నీ ఒకే కోతలో వస్తాయి. పడుకోబెడితే ఒక్క పొరే వస్తుంది. రక్తనాళం లాంటి గొట్టం అడ్డంగా కోయడానికి వీలుగా నిలబడాలి.

కోయడం

మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద దిమ్మను 3 నుంచి 5 మైక్రాన్ల మందంతో కోస్తారు. మనిషి వెంట్రుక మందంలో ఇది పదో వంతు కూడా ఉండదు. దిమ్మను మంచు మీద చల్లబరిస్తే మైనం గట్టిపడి కోత చక్కగా వస్తుంది. ముక్కలు ఒకదాని అంచుకు ఒకటి అతుక్కుని రిబ్బన్‌లా సాగుతాయి. దాన్ని 40 నుంచి 45 డిగ్రీల వెచ్చని నీటి మీద తేలిస్తే ముడతలు విప్పుకుంటాయి. అప్పుడు స్లయిడ్‌ను కింద నుంచి లేపి పట్టుకోవాలి.

ఈ పనికి చెయ్యి తిరగాలి, పుస్తకం చదివితే రాదు. బ్లేడ్ మొద్దుబారితే ముక్క పొడవునా గీతలు పడతాయి. దిమ్మ వదులుగా ఉంటే అలల్లాంటి చారలు వస్తాయి. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది నీటి తొట్టి. ముందు కోసిన ఇంకొకరి కణజాలపు తునక అందులో తేలుతూ ఈ స్లయిడ్ మీదికి రావచ్చు. ఒక దిమ్మకూ ఇంకో దిమ్మకూ మధ్య నీటి పైభాగాన్ని కాగితంతో తుడవడం చిన్న పనే, కానీ లేని క్యాన్సర్‌ను ఒకరికి అంటగట్టే తప్పు దానితోనే ఆగుతుంది.

రంగు వేయడం

ఎక్కువ స్లయిడ్లకు వేసేది హిమటాక్సిలిన్, ఇయోసిన్ జంట. వాడుకలో హెచ్ అండ్ ఈ అంటారు. హిమటాక్సిలిన్ మధ్య అమెరికాకు చెందిన లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి వస్తుంది. అది అలాగే రంగు పట్టదు. ఆక్సీకరణం చెంది హిమటీన్‌గా మారి, అల్యూమినియం లవణంతో కలవాలి. అలా ధనావేశం పొంది, రుణావేశం ఉన్న డీఎన్‌ఏకు, ఆర్‌ఎన్‌ఏకు అంటుకుంటుంది. ఇయోసిన్ రుణావేశంతో ఉంటుంది కాబట్టి ప్రోటీన్లను పట్టుకుని గులాబీ రంగు ఇస్తుంది.

వరుస ఇలా ఉంటుంది. వెచ్చని ఓవెన్‌లో ఆరిన స్లయిడ్‌ను జైలీన్‌లో ముంచి మైనం తీసేయండి. 100 శాతం ఆల్కహాల్ నుంచి కిందికి దిగుతూ నీటి దాకా తీసుకురండి. హిమటాక్సిలిన్‌లో కొన్ని నిమిషాలు ఉంచి కడగండి. ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో ఒక్క క్షణం ముంచి తీస్తే అదనపు రంగు పోతుంది. ఇక్కడ ఆలస్యం చేస్తే ఉండాల్సిన రంగు కూడా పోతుంది. క్షార గుణం ఉన్న నీటిలో పెడితే కేంద్రకాలు ఎర్రటి ఛాయ నుంచి నీలంలోకి మారతాయి. ఆ దశలో ఒకసారి మైక్రోస్కోప్ కింద చూసుకోండి. తర్వాత ఇయోసిన్, మళ్లీ ఆల్కహాల్ మెట్లు పైకి, జైలీన్, చివరకు డీపీఎక్స్ అనే అతికించే ద్రవం వేసి కవర్ గ్లాసు.

రంగు అలంకారం కాదు, కణం చేసే పనిని చెబుతుంది. క్లోమంలో ఎంజైములు తయారుచేసే కణాన్ని చూడండి. దాని అడుగు భాగం నీలి ఊదా, ఎందుకంటే అక్కడ ఆర్‌ఎన్‌ఏ ఉన్న రైబోజోములు కిక్కిరిసి ఉంటాయి. పై భాగం గులాబీ, ఎందుకంటే తయారైన ఎంజైముల రేణువులు అక్కడ నిల్వ ఉంటాయి. ఒకే కణంలో తయారీ ఒక వైపు, గిడ్డంగి ఇంకో వైపు! జఠరంలో ఆమ్లాన్ని విడుదల చేసే కణాలు మైటోకాండ్రియాలతో నిండి ఉండటం వల్ల చిక్కని గులాబీలో ఉంటాయి. ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసే ప్లాస్మా కణాలు ఊదాగా ఉండటానికి కారణం మళ్లీ రైబోజోములే.

స్లయిడ్ చదవడం

ముందు స్లయిడ్‌ను కాంతికి ఎత్తి పట్టుకుని కంటితో చూడండి. చాలామంది దాటేసే అడుగు ఇది. ముక్కలు ఎన్ని, ఆకారమేమిటి, ఎక్కడ నీలం ఎక్కువుంది అన్నది అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత 4 ఎక్స్ లెన్స్‌తో మొత్తం ముక్కను ఒక అంచు నుంచి మరో అంచు దాకా తిరగండి. ఆ తర్వాతే 10, 40. ఆత్రంగా 40కి దూకితే కణాలు కనిపిస్తాయి, కణజాలం కనిపించదు. 100 ఎక్స్ లెన్స్‌కు మాత్రమే నూనె వాడాలి, అది 40 లెన్స్‌కు అంటితే వెంటనే తుడవాలి. స్లయిడ్ మీదికి కాంతిని కేంద్రీకరించే కండెన్సర్‌ను సరైన ఎత్తులో పెట్టుకోకపోతే ఎంత మంచి స్లయిడైనా మసకగానే ఉంటుంది.

కొలతకు వేరే స్కేలు అక్కర్లేదు, ఎర్ర రక్తకణమే స్కేలు. మైనపు కోతల్లో అది సుమారు 7 మైక్రాన్లు ఉంటుంది. దాదాపు ప్రతి స్లయిడ్‌లోనూ ఎక్కడో ఒక రక్తనాళంలో దొరుకుతుంది. పక్కనున్న కేంద్రకం దానికంటే పెద్దదా, చిన్నదా అని పోల్చడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు తెల్లని ఖాళీలను చూడండి. అది గొట్టపు నాళమా, చిరుగా? నిజమైన నాళానికి లోపల కణాల వరుస ఉంటుంది. చిరుగుకు ఉండదు. పైగా దాని రెండు అంచులూ కలిపితే అతికేలా ఉంటాయి.

మైక్రోస్కోప్ వాడకుండానే, 1801 నాటికే ఫ్రాన్స్‌లో జేవియర్ బీషా శరీరంలో 21 రకాల కణజాలాలను వేరుచేసి చెప్పాడు. నేడు వాటిని నాలుగు గుంపులుగా చూస్తాం. కణాలు సందు లేకుండా ఒత్తుగా ఉండి, ఒక వైపు ఖాళీ ఉపరితలం, మరో వైపు ఆధార త్వచం (కణాలు ఆనుకునే పలచని పొర) ఉంటే అది ఉపకళా కణజాలం. దాని లోపల రక్తనాళాలు ఉండవు. కణాలు తక్కువ, వాటి మధ్య పదార్థం ఎక్కువైతే సంయోజక కణజాలం. మిగిలినవి కండర, నాడీ కణజాలాలు.

చెప్పడానికి సులువే, కానీ మూడు విషయాలు దాదాపు అందరినీ తికమక పెడతాయి: నునుపు కండరం, దట్టమైన కొల్లాజెన్, చిన్న నాడి. మూడూ గులాబీ చారల్లాగే కనిపిస్తాయి. కేంద్రకం ఎక్కడుందో చూడండి. నునుపు కండరంలో పొడవాటి, కొసలు గుండ్రని కేంద్రకం గులాబీ కణద్రవ్యం లోపలే ఉంటుంది. కొల్లాజెన్‌లో సన్నని ముదురు కేంద్రకాలు పోగుల మధ్య నలిగినట్టు ఉంటాయి, సంఖ్య కూడా తక్కువ. నాడిలో కేంద్రకాలు అలల్లా వంకర తిరిగి ఉంటాయి, మధ్య భాగం కాస్త నురగలా పాలిపోయి, చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. అప్పటికీ తేలకపోతే మాసన్ ట్రైక్రోమ్ రంగు వేయించండి. కండరం ఎర్రగా, కొల్లాజెన్ నీలంగా విడిపోతాయి.

రెండో చిక్కు, స్లయిడ్‌కు లోతు లేదు. దారపు ఉండను కత్తితో కోస్తే లోపల ఒకే దారం ఉన్నా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. వృషణంలోనూ మూత్రపిండంలోనూ కనిపించే వందల వలయాలు అలాంటివే, మెలికలు తిరిగిన గొట్టాలు అనేక చోట్ల తెగిన ముఖాలు. ఒకే వరుస కణాలున్న పొరను ఏటవాలుగా కోస్తే అనేక వరుసలున్నట్టు భ్రమ కలుగుతుంది. కొన్ని కణాలకు కేంద్రకమే కనిపించదు, కత్తి దాన్ని తప్పించుకుని పక్క నుంచి పోయిందంతే. నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంటే అదే దిమ్మ నుంచి వరుసగా మరికొన్ని కోతలు తీయించండి.

చూసింది రాసేటప్పుడు పేరు ముందు రాయకండి, వర్ణన ముందు రాయండి. "ఉంగరంలా కణాలు, మధ్యలో ఖాళీ, కేంద్రకాలు అడుగున" అని రాశాక "గ్రంథి" అనండి. పేరు ముందు పెట్టేస్తే కళ్లు ఆ పేరుకు సరిపోయేవే వెతుకుతాయి.

హెచ్ అండ్ ఈ చాలనప్పుడు

ప్రత్యేక రంగులు ఒక్కో పదార్థాన్ని వెతికిపెడతాయి. పాస్ రంగు గ్లైకోజెన్‌ను, ఆధార త్వచాన్ని, కొన్ని రకాల జిగురును ముదురు గులాబీగా చూపిస్తుంది. పెర్ల్స్ రంగు ఇనుమును నీలంగా, జీల్ నీల్సన్ క్షయ బ్యాక్టీరియాను ఎర్రగా చూపిస్తాయి. కాంగో రెడ్ వేసి ధ్రువిత కాంతిలో చూస్తే అమైలాయిడ్ (కణజాలంలో పేరుకునే అసాధారణ ప్రోటీన్) ఆకుపచ్చగా మెరుస్తుంది.

వెండి రంగు కథ మాత్రం వేరు. 1873లో కెమిలో గాల్జీ కనిపెట్టిన పద్ధతిలో వేల నాడీకణాల్లో కొన్నింటికి మాత్రమే రంగు పడుతుంది. లోపంలా కనిపించే ఆ గుణమే దాని బలం. అన్నింటికీ పడితే చిక్కటి నల్లని ముద్ద తప్ప ఏమీ కనిపించదు. కొన్నింటికే పడటం వల్ల ఒక్కో కణం కొమ్మలతో సహా పూర్తిగా బయటపడింది. అదే రంగుతో సాంటియాగో రమోన్ కహాల్ నాడీకణాలు విడివిడి కణాలని చూపించాడు. నాడీమండలం ఒకే అఖండ వల అని గాల్జీ నమ్మాడు. ఇద్దరికీ 1906లో కలిపి నోబెల్ ఇచ్చారు. ఒకే రంగు, ఒకే రకం చిత్రాలు, రెండు భిన్నమైన నిర్ధారణలు.

ఒక నిర్దిష్ట ప్రోటీన్ ఉందా లేదా తెలియాలంటే ప్రతిరక్షకాలు వాడే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ కావాలి. ఆల్బర్ట్ కూన్స్ 1940ల మొదట్లో ప్రతిరక్షకాలకు మెరిసే రంగు తగిలించి దీనికి దారి వేశాడు. ఫార్మలిన్ కట్టిన వంతెనలు ప్రోటీన్‌ను కప్పేస్తాయి కాబట్టి స్లయిడ్‌ను ముందు బఫర్‌లో వేడి చేయాలి. ఆ ప్రోటీన్ కచ్చితంగా ఉన్న ముక్కను ఒకటి, ప్రతిరక్షకం వేయని ముక్కను ఒకటి పక్కన పెట్టి చేయని పరీక్షను నమ్మకండి.

మామూలు కాంతితో సుమారు 0.2 మైక్రాన్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడిగా కనిపించవు. 1931లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తయారుచేశారు. ఆ తర్వాత ఈ హద్దు చెరిగింది. దీనికి గ్లూటరాల్డిహైడ్, ఆస్మియం టెట్రాక్సైడ్‌తో స్థిరపరిచి, మైనం బదులు రెసిన్‌లో పెట్టి, 100 నానోమీటర్ల కంటే పలచగా కోస్తారు. మూత్రపిండ వడపోత పొర జబ్బుల్లో ఇది ఇప్పటికీ తప్పనిసరి అవసరం.

బతికున్న కణాలు

కదలిక, విభజన, మందుకు స్పందన స్లయిడ్ మీద తెలియవు. వాటికి కణాలను 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పోషక ద్రవంలో పెంచుతారు. మామూలు మానవ కణాలు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించారు. క్యాన్సర్ కణాలు చాలావరకు అలా ఆగవు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి తీసిన హీలా కణాలు నేటికీ పెరుగుతున్నాయి. వాటిని పరిశోధనకు వాడుతున్నట్టు ఆమెకు చెప్పలేదు, అనుమతి అడగలేదు. మీరు ఏ మానవ నమూనాతో పని చేసినా రాతపూర్వక అంగీకారం, నైతిక కమిటీ ఆమోదం ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోండి.

హీలా కణాలు ఎంత చురుకైనవంటే పక్కనున్న ఇతర కణాల డబ్బాల్లోకి చేరి వాటిని ఆక్రమించిన సందర్భాలున్నాయి. కాబట్టి పెంచుతున్న కణాల డీఎన్‌ఏ గుర్తింపు, మైకోప్లాస్మా (కణాలకు సోకే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష అప్పుడప్పుడు చేయిస్తూ ఉండాలి. ఒక్కో కణంలో ఏ జన్యువులు పని చేస్తున్నాయో చదివే పద్ధతులు 2009 నుంచి వచ్చాయి. వాటికి కణాలను విడదీయాలి కాబట్టి ఏది ఎవరి పక్కన ఉండేదో పోతుంది. కోసిన ముక్క మీదే జన్యువులను చదివే పద్ధతులు ఆ లోటు తీర్చడానికే పుట్టాయి. వాటి ఫలితాన్ని చూసేవారు కూడా పక్కనే ఒక హెచ్ అండ్ ఈ స్లయిడ్ పెట్టుకుంటారు.

సాధన వరుస

ముందు చర్మం చూడండి, పొరలు స్పష్టంగా ఉంటాయి. తర్వాత చిన్నపేగు, అక్కడ నాలుగు రకాల కణజాలాలూ ఒకే స్లయిడ్‌లో దొరుకుతాయి. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండం. ఆరోగ్యంగా ఉన్న అవయవం పూర్తిగా కంటికి అలవాటయ్యే దాకా జబ్బు స్లయిడ్ల జోలికి వెళ్లకండి. చూసిన ప్రతిదానికీ చేత్తో బొమ్మ గీయండి, ఫోటో తీసి ఊరుకోవద్దు. గీయాలంటే ప్రతి గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడక తప్పదు. బొమ్మ పక్కన ఏ స్థిరీకరణ, ఏ రంగు, ఏ లెన్స్, ముక్కను ఎటు కోశారు అన్న నాలుగు మాటలు రాసి పెట్టుకోండి.